కెప్టెన్ భీమరావు జర్మనీ బిళ్ల

గులాం మొహిద్దీన్ కోపం గురించి ఆదోని పత్తి మార్కెట్టులో తెలియనివాళ్లు లేరు. ఆయనది దూది దలాలీ. పత్తి నింపిన గోనెసంచి, అదే బోరెంలో మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగు నుంచి చిటికెడు దూది లాగి, బొటనవేళ్ల మధ్య సాగదీసి, పీచు ఎంత పొడుగో, ఎంత గట్టిదో అక్కడికక్కడే చెప్పేవాడు. తూకం పెరగాలని నీళ్లు చల్లిన పత్తి ఆయన చేతికి తగిలిందంటే మార్కెట్టు మొత్తం వినాల్సిందే. తెచ్చినవాడు ఊరిపెద్దా, మిల్లు సేటుకు చుట్టమా అన్నది చూసేవాడు కాదు.

"పైన ఎండు, లోపల తడి! ఎవరికి సెప్తావప్పా ఈ కత?" అని బోరెం నేల మీద కుమ్మరించేవాడు. కాసేపటికి ఆ మనిషినే పిలిచి చాయ్ తాగించేవాడు. అందుకే ఎంత అరిచినా రైతులు ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు.

ఇట్లాంటి మనిషికి ఒక వింత పిచ్చి ఉండేది. జర్మనీ సైనికుల పాత పతకాలు పోగుచేసేవాడు. ఆ ఊళ్లో పతకం అనే మాట ఎవరూ వాడరు, బిళ్ల అంటారు. ఆయన వీపు వెనక అందరూ 'బిళ్లల సాయిబు' అనేవాళ్లు. ముందర మొహిద్దీన్ సాబ్.

ఆ పిచ్చి తండ్రి నుంచి వచ్చింది. తండ్రి మొదటి ప్రపంచయుద్ధంలో కంచరగాడిదల దళంలో చేరి బస్రా పోయాడు. తిరిగి వస్తూ వెండి అంచున్న నల్లటి ఇనుప సిలువ ఒకటి తెచ్చుకున్నాడు. తుర్కీవాళ్లకు తోడుగా వచ్చిన జర్మన్ అధికారి ఎవరో పారేసుకున్నది. ఇంటికి వచ్చినవాళ్లు "ఎంతమందిని సంపి తెచ్చినావు భాయ్?" అనడిగితే, "నేను గాడిదలకు గడ్డేసినోణ్ని. ఇది దోవలో దొరికింది" అనేవాడు. చచ్చేదాకా అదే మాట. దానికి ఒక్క పోగు కూడా చేర్చలేదు.

తండ్రి పోయాక మొహిద్దీన్ పత్తి బేళ్ల పని మీద బొంబాయి పోయినప్పుడు, పాత సామాన్ల బజారులో అచ్చం అట్లాంటిదే ఇంకొకటి కనపడింది. మోజుపడి కొన్నాడు. ఇంటికొచ్చి రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ముఖం వేడెక్కింది. తండ్రి సిలువకు అయస్కాంతం అంటుకుంటోంది, కొత్తదానికి అంటుకోవడం లేదు. తండ్రిది మూడు ముక్కలు కలిపి చేసింది. నడుమ ఇనుప రేకు, ముందొకటి వెనకొకటి వెండి చట్రాలు, ఆ చట్రాలు కలిసే చోట అంచు చుట్టూ వెంట్రుకవాసి టంకం గీత. కొత్తది ఏదో లోహం కరిగించి అచ్చులో పోసిన ఒకే ముద్ద.

"నన్ను! పత్తిలో తడి పట్టేవాణ్ని, నన్ను మోసం చేసినాడు!" అని రోజంతా ఇల్లు అదరగొట్టాడు.

భార్య ఫాతిమున్నీసా దానికి జడిసే మనిషి కాదు. "పారెయ్యి. ఎవరో చచ్చినోళ్ల సొమ్ము. మన ఇంట్లో ఎందుకు?" అంది.

ఆయన పారెయ్యలేదు. మళ్లీ బొంబాయి పోయినప్పుడల్లా, అక్కడ ఇట్లాంటివే దాచే ఒక పార్సీ ముసలాయన దగ్గర కూర్చుని విద్య నేర్చుకున్నాడు. వాడకంతో వచ్చిన అరుగుదల ఎత్తుగా ఉన్న చోట్లే ఉంటుందని, యాసిడ్‌తో తెప్పించిన పాతదనం గుంతల్లోనూ మిట్టల్లోనూ ఒకేలా ఉంటుందని తెలుసుకున్నాడు. అంకెల వంపులు చూడటం, వెనక పిన్ను మీద తయారుచేసినవాళ్ల ముద్ర చదవడం వచ్చింది. రిబ్బను విషయంలో మాత్రం ఆయనే గురువును మించిపోయాడు. పాత రిబ్బన్ల నూలు కాల్చితే బూడిద రాలుతుంది, నకిలీవాటి నైలాను కాల్చితే కరిగి ముద్ద కడుతుంది. ఆదోనిలో పుట్టినవాడికి ఇది ఒకరు చెప్పాలా?

కొన్నేళ్లలో ఇంట్లో గాజు మూత పెట్టెలు నిండాయి. కర్నూలు, బళ్లారి నుంచి కూడా పాత మిలిటరీ సామాన్లు పట్టుకుని జనం ఆయన్ను వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. 'ఇది అసలుదేనా సాబ్?' అని అడిగేవాళ్లు. అసలుదైతే అసలుదని, నకిలీదైతే నకిలీదని ముఖం మీదే చెప్పేవాడు.

ఆ పేరు వల్లనే ఎమ్మిగనూరు నుంచి భీమరావు కబురు పంపాడు. అది 1979 చివర.

భీమరావు కాంట్రాక్టరు. రోడ్లు, కల్వర్టులు చేయించేవాడు. ఎమ్మిగనూరులో అందరూ ఆయన్ను కెప్టెన్ భీమరావు అనేవాళ్లు. రెండో ప్రపంచయుద్ధంలో ఇటలీ దాకా పోయి కొట్లాడి వచ్చాడని, ఒక జర్మన్ అధికారిని నేలకూల్చి, వాడి రొమ్ము మీది బిళ్ల పీక్కొచ్చాడని ఆ ఊళ్లో చిన్నపిల్లలు కూడా చెప్పేవాళ్లు. ఆ కథకు ఇంకో కొస ఉంది. ఎమ్మిగనూరు కుర్రవాడు ఈరన్న, దారులు, వంతెనలు వేసే మద్రాసు సాపర్ల పటాలంలో ఉన్నవాడు, ఇటలీలోనే చచ్చిపోయాడు. భీమరావు ఒళ్లోనే తల పెట్టుకుని, ఆయన పోసిన నీళ్లు తాగి, పెళ్లాం పేరు చెప్పి ప్రాణం విడిచాడట. ఈరన్న భార్య ఉచ్చీరమ్మ మళ్లీ పెళ్లి చేసుకోలేదు. నేతగాళ్లకు నూలు కండెలు చుట్టిపెడుతూ బతికింది. భీమరావును చూసినప్పుడల్లా చేతులెత్తి మొక్కేది. ఆదోని రోడ్డు పక్కన తనకున్న ఒకే ఒక్క స్థలాన్ని, నేతపేటకు ఒక హాలు కట్టించండి అని ఆయన చేతిలోనే పెట్టింది. 'మీ ఆయన పేరే పెడతాం' అన్నాడు భీమరావు. గోడలు లేచేసరికి కమిటీ ఒకటి పుట్టింది. ఆ కమిటీలో ఎవరు ముందు అన్నారో తెలియదు గానీ, బతికున్న వీరుడి పేరు పెడితే ఊరికి గౌరవమనే మాట పైకొచ్చింది.

మొహిద్దీన్‌కు ఇదంతా అప్పటికి తెలియదు. బిళ్ల చూడమంటే చూడ్డానికి పోయాడు. భీమరావు ఇంటి వరండాలో, ఒక దినపత్రికకు వార్తలు రాసే జయరాజు కూడా కూర్చుని ఉన్నాడు. భీమరావు ఎర్ర మఖమలు గుడ్డలో నుంచి సిలువను తీసి, ప్రసాదం ఇచ్చినట్టు రెండు చేతులతో అందించాడు.

మొహిద్దీన్ భూతద్దం తీసి, అలవాటు కొద్దీ సిలువను బోర్లించి ముందు అంచులు చూశాడు. అయస్కాంతం అంటుకుంది. అంచు చుట్టూ టంకం గీత సన్నగా, సాఫీగా ఉంది. 'మంచి పని' అనుకున్నాడు.

"ఎట్లుంది సాబ్?" అన్నాడు భీమరావు.

"నకిలీది కాదు. జర్మనీలో చేసిన అసలు సరుకే," అన్నాడు మొహిద్దీన్, కన్ను అద్దం మీది నుంచి తీయకుండా.

జయరాజు టకటకా రాసుకున్నాడు.

అప్పుడు మొహిద్దీన్ సిలువను ముందువైపుకు తిప్పాడు. కింది కొమ్మ మీద 1939 అని ఉంది. నడుమ మూడు ఓకు చెట్టు ఆకులున్నాయి. ఆయన భూతద్దం కిందపెట్టాడు.

"యాడిది ఇది?"

"చెప్పినా కదా సాబ్. ఇటలీలో, నలభై నాలుగులో. వాణ్ని కొట్టి తీసుకున్నా."

"అయితే ఈ ఆకులేంది?"

"ఆకులా?"

మొహిద్దీన్ ఓపిగ్గానే చెప్పాడు. హిట్లరు కాలంలో ఇచ్చిన ఇనుప సిలువకు ముందువైపు నడుమ స్వస్తిక్ ఉంటుంది. యుద్ధం అయిపోయాక జర్మనీలో ఆ గుర్తు బయట పెట్టుకోకూడదన్నారు. పాత సైనికులు తమ బిళ్లలు పెట్టుకోవాలంటే ఎట్లా? అందుకని 1957లో స్వస్తిక్ తీసేసి, ఆ చోట ఆకులు వేసి, మళ్లీ కొత్తగా చేయించారు. కింద 1939 అంకె మాత్రం అట్లే ఉంచారు. తేదీ పాతది, బిళ్ల కొత్తది.

"బిళ్ల అసలుదే. కానీ యుద్ధం అయిపోయినాక పన్నెండేండ్లకు పుట్టింది. నలభై నాలుగులో ఎవని రొమ్ము మీదా ఇది ఉండేదానికి లేదు," అన్నాడు.

భీమరావు నవ్వాడు. సిలువను మళ్లీ మఖమలులో చుట్టాడు. "మీరు చాలా చదివినారు సాబ్. కాఫీ తీసుకోండి," అన్నాడు. మొహిద్దీన్ కాఫీ ముట్టకుండా లేచి వచ్చాడు.

నాలుగు రోజులు పోయాక పేపర్లో వార్త వచ్చింది. 'కెప్టెన్ భీమరావు యుద్ధంలో గెలుచుకున్న జర్మన్ పతకం నకిలీది కాదని, జర్మనీలో చేసిన అసలు సరుకేనని ఆదోనికి చెందిన ప్రముఖ పతక పరిశోధకులు జనాబ్ గులాం మొహిద్దీన్ ధ్రువీకరించారు.' పక్కన భీమరావు ఫోటో.

మొహిద్దీన్ ఆ పేపరు మార్కెట్టులోనే చదివాడు. ఆయన అరవలేదు. అది చూసి పక్కనున్నవాళ్లు భయపడ్డారు. ముఖం కందగడ్డలా అయిపోయింది. ఎవడో నకిలీ బిళ్ల అంటగడితే అది ఒక మోసం. తన నోట్లోంచి వచ్చిన నిజాన్నే సగానికి నరికి, ఆ సగంతో అబద్ధానికి ముద్ర వేస్తే దాన్ని ఏమనాలి? అప్పటికప్పుడు ఎమ్మిగనూరు బస్సెక్కాడు.

జయరాజు టీ అంగట్లో దొరికాడు.

"నా మాట యాడ పోయింది?"

"మీరన్న మాటే కదా సాబ్ రాసినాను. ఒక్క అక్షరం మార్చలేదు."

"'కానీ' అన్నానా లేదా? 'కానీ' అన్నాక ఇంగొక మాట సెప్పినానా లేదా?"

"పేపర్లో చోటు ఉండదు సాబ్," అన్నాడు జయరాజు, గ్లాసులోకి చూస్తూ. "ఆయన కంట్రాక్టరు. నేను ఈ ఊర్లో బతకాల."

ఆ ఒక్క మాటతో మొహిద్దీన్‌కు ఊరు మొత్తం అర్థమయింది. హాలు సంగతి, ఈరన్న సంగతి, ఉచ్చీరమ్మ స్థలం సంగతి జయరాజు దగ్గరే విన్నాడు. వింటూంటే ఒళ్లు మండిపోయింది. అక్కణ్నుంచి నేరుగా భీమరావు ఇంటికి పోయాడు.

భీమరావు మెట్ల మీదే నిలబెట్టి మాట్లాడాడు. "ఆ బిళ్ల బొంబాయిలో కొన్నాననే అనుకోండి. ఎవరికి నష్టం? ఊరికి ఒక వీరుడు కావాల. పిల్లలకు ఒక కథ కావాల. మీకెందుకు సాబ్ ఇంత బాధ?"

"బిళ్ల కొనుక్కో. నేనూ కొన్నాను, ఇంటినిండా కొన్నాను. సచ్చినోని పేరు తీసి నీ పేరు పెట్టుకుంటావా? ఆ యమ్మ జాగాలో?"

"గొంతు తగ్గించండి," అన్నాడు భీమరావు. తలుపు వేసేశాడు.

హాలు పేరు గురించి కమిటీ వాళ్లు బడి ఆవరణలో సభ పెట్టినప్పుడు మొహిద్దీన్ పోయాడు. తన పెట్టెలో నుంచి ఒక సిలువ వెంట తీసుకుపోయాడు. నడుమ స్వస్తిక్ ఉన్నది, అరిగినది, యుద్ధకాలం నాటిదని పార్సీ ముసలాయన కూడా ఒప్పుకున్నది. అడగకుండానే మైకు అందుకుని, దానికీ భీమరావు బిళ్లకూ తేడా మొదటి నుంచి చెప్పాడు. తన సిలువ చేతులు మారుతూ జనంలోకి పోయింది.

ముందు వరసలో ఒక ముసలాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇదేందప్పా, మనం గడపకు పసుపుతో ఏసే గుర్తు! జర్మనీవోని బిళ్ల మీద ఇది ఎందుకుంటాది?"

"ఆదోని బజార్లో సేయించుకొచ్చినాడు!" అని వెనక నుంచి ఎవరో కేక వేశారు. సభంతా గొల్లున నవ్వింది.

మొహిద్దీన్ ఎంత అరిచినా ఇక ఎవరూ వినలేదు. అసలుది నకిలీదైపోయింది. ఇరవై ఏళ్లుగా భూతద్దం పట్టి నేర్చుకున్నదంతా ఒక్క కేకకు కొట్టుకుపోయింది. వేదిక మీద భీమరావు చేతులు కట్టుకుని, జాలిగా నవ్వుతూ కూర్చున్నాడు. ఓర్వలేనితనం అన్నారు. ఎమ్మిగనూరుకు పేరు వస్తే ఆదోనివాడికి కుళ్లు అన్నారు. ఒకడు సాయిబు అనే మాటను ఒక రకంగా ఒత్తి పలికాడు.

ఆ అవమానం మండుతుండగానే ఉచ్చీరమ్మ గుడిసె వెతుక్కుంటూ పోయాడు. ఆమెకైనా నిజం తెలియాలనుకున్నాడు. ఆమె రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. ఏభై అయిదు దాటి ఉంటాయి, సన్నగా, నిటారుగా ఉంది. ఆయన గుమ్మంలోనే నిలబడి ఆకుల సంగతి, స్వస్తిక్ సంగతి, 1957 సంగతి అంతా గుక్క తిప్పుకోకుండా చెప్పేశాడు.

రాట్నం ఆగింది.

"అయిపోయిందా నువ్ సెప్పేది?" అంది ఆమె.

"అయిపోయిందక్కా."

"నా మొగుడు నీళ్లు తాగి పోయినాడని ఇన్నేండ్లు బతికినాను సాయిబన్నా. దిక్కులేకుండా పోలేదు, మన ఊరోని ఒళ్లో పోయినాడు అనుకుంటా అన్నం తిన్నాను. నువ్ ఈ పొద్దు వచ్చి ఆ నీళ్లు నేల మీద పోస్తివి. నీ బిళ్ల గెలిస్తే నాకేమొస్తాది? పో."

ఆయన బస్టాండు దారి పట్టాడు. బస్సులో కూర్చున్నాక కోపం తిరిగి వచ్చింది. ఈసారి కొంత తన మీద, చాలా వరకు భీమరావు మీద. పేరు దొంగిలించినవాణ్ని చూశాడు, స్థలం దొంగిలించినవాణ్ని చూశాడు. ఒక ఆడమనిషి దుఃఖంలో దూరి కాపురం పెట్టినవాణ్ని ఇప్పుడే చూస్తున్నాడు. ఇంటికి పోయి ఫాతిమున్నీసాకు అంతా చెప్పాడు. "ఆ యమ్మకు నువ్వు సెప్పిన తీరు బాలేదు," అంది ఆమె. "గాని సెప్పకుండా ఉంటే ఇంగా బాలేదు."

తర్వాత చాలా రోజులు గడిచాయి. ఎండలు ముదిరాక ఒక ఉదయం ఉచ్చీరమ్మ ఆదోని వచ్చింది. ఎవరినో అడుక్కుంటూ ఇల్లు కనుక్కుంది. ఫాతిమున్నీసా మజ్జిగ ఇస్తే తాగింది. కొంగుముడి విప్పి, పాత గుడ్డలో చుట్టిన బిళ్ల ఒకటి తీసి చాప మీద పెట్టింది.

"ఇది మిలిటరీ వాళ్లు పంపింది. ఆయన పోయినాక శానా దినాలకు వచ్చె. ఇది కూడా అబద్ధమేనేమో సూసి సెప్పు."

ఆరు కొసల నక్షత్రం. మసకబారిన ఇత్తడి రంగు. బ్రిటిష్ వాళ్లు ఇటలీలో పనిచేసిన సైనికులకు ఇచ్చినది. మొహిద్దీన్ పోగుచేసే రకం కాదు. అయినా ఆయన కిటికీ దగ్గరికి పోయి, తలపాగా కొసతో దుమ్ము తుడిచి, ముందు చూసి, వెనక్కి తిప్పాడు. బ్రిటన్‌లో వాళ్ల సైనికులకిచ్చిన నక్షత్రాలు వెనక ఖాళీగా ఉంటాయి. మన దేశపు సైనికులకిచ్చిన వాటి మీద మాత్రం మనిషి పేరు అచ్చు గుద్ది ఇచ్చారు. ఆ సంగతి ఆయనకు తెలుసు. తెలిసీ, అక్షరాలు కనపడగానే మొదటి నుంచి ఇంకోసారి చదివాడు.

"ఇందులో మీ ఆయన పేరుందక్కా. నంబరు, ఈరన్న అని పేరు, పటాలం పేరు. అంతా ఉండాది."

"యాడ?"

ఆయన ఆమె వేలు పట్టుకుని ఆ గీతల మీద ఆనించాడు. ఆమె వేలు అక్కడే ఉంచింది. ఇన్నేళ్లూ అది పెట్టె అడుగునే ఉంది. వెనక పేరు ఉందని ఆమెకు ఎవరూ చదివి చెప్పలేదు.

"ఇది నిజమేనా?"

"నిజం. దీనెనక ఇంగ 'కానీ' లేదక్కా."

ఆమె ఏడవలేదు. గోడ పొడుగునా ఉన్న గాజు పెట్టెల వైపు చూసింది. "ఇవన్నీ ఎవరివి?"

"జర్మనీ వాళ్లవి. వాళ్లు పేర్లు ఎయ్యరు. ఎవనిదో ఎవరికీ తెలీదు." ఒక నల్లటి చిన్న సిలువ తీసి ఇచ్చాడు. "ఇది మొగుడు యుద్ధంలో పోయిన ఆడోళ్లకు ఇచ్చింది. మొదటి యుద్ధం వాళ్లకు."

ఆమె దాన్ని అరచేతిలో పెట్టుకుని బరువు చూసింది. "ఇది అమ్ముకునే అంత కష్టం ఏమొచ్చెనో ఆ యమ్మకు," అంది. తిరిగి ఇచ్చేసింది. మొహిద్దీన్ ఎప్పుడూ ఆలోచించని సంగతి అది.

పోయేముందు గడపలో నిలబడి అడిగింది. "నీళ్ల సంగతి? అదీ అబద్ధమేనా?"

"బిళ్ల కత అబద్ధమని నేను సెప్పగలను. నీళ్ల సంగతి బిళ్ల సెప్పదక్కా."

"నేనే అడుగుతాలే," అంది ఉచ్చీరమ్మ.

హాలు ప్రారంభం రోజు షామియానా వేశారు. పెద్ద ఆఫీసరు ఒకాయన వచ్చాడు. గుమ్మం మీద నల్లరాతి పలకకు గుడ్డ కప్పి ఉంచారు. మొహిద్దీన్ జనంలో వెనగ్గా నిలుచున్నాడు. భీమరావు మైకు ముందు నిలబడి ఇటలీ గురించి చెప్పాడు. మంచు గురించి, ఫిరంగుల గురించి, ఈరన్న గురించి. "నా చేతుల్లో పోయినాడు. సింహం లాంటి గొంతు. చివరి నిమిషంలో కూడా తడబడలేదు. 'అన్నా, నా ఉచ్చీరమ్మకు చెప్పు, నేను దేశం కోసం పోతున్నానని' అని గడగడా చెప్పి కన్ను మూసినాడు!" అన్నాడు. చప్పట్లు మోగాయి.

స్థలమిచ్చిన దాత అని ఉచ్చీరమ్మకు వేదిక మీద ఒక మూల కుర్చీ వేశారు. ఆమె లేచి మైకు దగ్గరికి వచ్చింది. దండం పెట్టడానికి వస్తోందనుకుని భీమరావు పక్కకు జరిగాడు.

"అన్నా, నా మొగుడు నీతో శానా మాట్లాడెనా?"

"మాట్లాడకపోవడమేమమ్మా? రాత్రిళ్లు కూర్చుని ఊరి ముచ్చట్లు చెప్పేవాడు. పాటలు పాడేవాడు."

"తడబడకుండానా?"

"తడబాటా? వాడి మాటంటే మాట!"

ఆమె జనం వైపు తిరిగింది. నేతపేట ముసలివాళ్లంతా ముందే కూర్చుని ఉన్నారు. ఈరన్నతో కలిసి మగ్గం గుంటల చుట్టూ ఆడుకున్నవాళ్లు. "మీరు సెప్పండప్పా. మా ఆయన మాట ఎట్లుండె?"

కొందరు తలవంచుకున్నారు. ఆఖరికి ఒక ముసలి నేతగాడు చేతికర్ర ఊతంతో లేచాడు. "నత్తి. గట్టి నత్తి. సొంత పేరు సెప్పుకునేకి సగం దినం పడ్తాండె వానికి," అన్నాడు.

"సచ్చేటప్పుడు నత్తి పోయిందేమో అనుకున్నా ఇన్నేండ్లు," అంది ఉచ్చీరమ్మ. "పాటలు కూడా పాడ్తాండెనంట. నువ్ నా మొగుణ్ని సూడనే లేదు భీమరావూ."

భీమరావు చెమట తుడుచుకున్నాడు. యుద్ధంలో దెబ్బ తగిలితే నత్తి పోతుందని, డాక్టర్లే చెప్పారని అన్నాడు. దానికి కూడా కమిటీలో ఇద్దరు చప్పట్లు కొట్టారు! మొహిద్దీన్ అది చూశాడు, జన్మలో మర్చిపోలేదు. కానీ నేతపేట మొత్తం లేచి నిలబడింది. ఆఫీసరు వాచీ చూసుకుని జీపెక్కాడు. ఉచ్చీరమ్మ వేదిక దిగి, హాలు గుమ్మంలో, గుడ్డ కప్పిన పలక కింద కూర్చుంది. "ఈ జాగా నాది. ఇంగా ఎవరికీ రాసియ్యలేదు. ఆయన పేరన్నా పెట్టండి, లేకపోతే గోడలు పీక్కొని పోండి," అంది. కమిటీ వాళ్లు ఆ పలకను గుడ్డ తీయకుండానే తీసుకుపోయారు. తర్వాత నేతపేటవాళ్లే సున్నం కొట్టి, నీలం రంగుతో 'ఈరన్న హాలు' అని రాయించారు.

అప్పుడు ఒక్కొక్కరూ చెప్పసాగారు. భీమరావు ఝాన్సీలో మిలిటరీ గోదాములో గుమాస్తాగా చేశాడని, ఓడ మొహం చూడలేదని, కెప్టెన్ అనేది తనే తగిలించుకున్నాడని. వాళ్లలో కొందరికి ఇది ముప్పయ్యేళ్లుగా తెలుసు. మొహిద్దీన్‌కు భీమరావు అబద్ధం కన్నా వీళ్ల మౌనం మీదే ఎక్కువ కోపం వచ్చింది. "తెలిసీ మొక్కనిచ్చినారు కదరా ఆ యమ్మతో!" అని నడిబజారులో నిలబెట్టి అడిగాడు.

భీమరావుకు ఏమీ కాలేదు. కేసు లేదు, శిక్ష లేదు, కాంట్రాక్టులు పోలేదు. ఎమ్మిగనూరులో ఇటలీ మాట ఎత్తడం మానేశాడు, అంతే. మిగతా ఊళ్లు ఉన్నాయి కదా! మరుసటేడు దేవనకొండలో ఎవరో శాలువా కప్పి సన్మానం చేశారు. ఆ వార్త చదివి మొహిద్దీన్ ఆ రోజు అన్నం తినలేదు.

అప్పటి నుంచి ఒక పని పెట్టుకున్నాడు. భీమరావుకు ఎక్కడ సన్మానం అని తెలిసినా సరే, బస్సెక్కి పోయేవాడు. సభలో లేచి నిలబడి, ఆకుల సంగతి, 1957 సంగతి, నత్తి సంగతి మొత్తం చెప్పేవాడు. రెండు చోట్ల మెడపట్టి బయటికి గెంటారు. ఒక ఊళ్లో చొక్కా చినిగింది. ఫాతిమున్నీసా తిడుతూనే చొక్కా కుట్టేది, తిడుతూనే రొట్టెలు మూటగట్టేది. "ఈ వయసులో నీకెందుకు? నీదేం పోయింది?" అని ఒకసారి అడిగింది.

"నా మాట పోయింది," అన్నాడు. "సగం మాట పేపర్లో ఉండాది. మిగతా సగం నేను నోటితో సెప్పుకోవాల. ఇంగ దోవ లేదు."

1986లో మద్దికెరలో రైతుల సభకు భీమరావును ముఖ్య అతిథిగా పిలిచారు. మొహిద్దీన్ ముందే పోయి మొదటి వరసలో కూర్చున్నాడు. అప్పటికి ఆయనకు మోకాళ్ల నొప్పులు, చూపు కూడా తగ్గింది. భీమరావు దండ వేయించుకుని మైకు ముందుకొచ్చాడు. సభను చూశాడు, మొహిద్దీన్‌ను చూశాడు. గొంతు సవరించుకున్నాడు. వానల గురించి మాట్లాడాడు, వేరుశనగ ధర గురించి మాట్లాడాడు, బోరుబావుల గురించి చాలాసేపు మాట్లాడాడు. ఇటలీ పేరు ఎత్తలేదు. మొహిద్దీన్ మాత్రం వందన సమర్పణ అయ్యేదాకా, కుర్చీలు ఎత్తేసేదాకా కదలకుండా అక్కడే కూర్చున్నాడు.